నిరక్షర చిత్రకథ

గ్రంథశబ్దము కూర్చుట, ముడివైచుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. తాటియాకులకు రంధ్రములు చేసి త్రాట గ్రుచ్చి కట్టినది గ్రంథము. ఆ యాకులమీద అక్షరములే యుండవలయునని వ్యుత్పత్తి యెచ్చటను జెప్పదు. బాలుర నిమిత్తమై వాక్యము లేకుండ గేవలము చిత్రములతోడనే కథ నడపు పుస్తకములు లోకమున వెలసినవి. అక్షరము లేనిది పుస్తక మెట్లగునని యాక్షేపించు పండితులు మొట్టమొదట నీ ధాత్వర్థమును స్మరింపవలయును. కట్టిన యాకులు, వాని క్రమము, క్రమమువలన దోచు నొక యర్థము, ఇవి యున్నంతవఱకు దానికి గ్రంథత్వము సిద్ధమే. ఆ యర్థమును బలుకువా రెవరు, ఎట్లు పలుకుదురు అనునదియే విచారణీయము.

ఇట్టి పుస్తకములలో రెంటిని జెప్పిన జాలును. జపానుదేశపు చిత్రకారుడు మిట్సుమాసా ఆన్నో 1977 లో ప్రకటించిన యాత్రాచిత్రపుస్తక మొకటి. అందొక బాటసారి పడవ దిగి గుఱ్ఱమును సంపాదించి పల్లెలను బట్టణములను దాటి పోవుచుండును. ప్రతి పుటయందును వాడే మూలనో చిన్నవాడై యుండును. వెదకిన గాని కనబడడు. రెండవది అమెరికాదేశపు జెర్రీ పింక్నీ 2009 లో వెలువరించిన సింహమూషికముల కథ. దీనికి 2010 లో కాల్డెకాట్ బహుమాన మిచ్చిరి. దీని పైయట్టమీద సింహముఖము తక్క గ్రంథనామము సయితము లేదు. లోపల వాక్య మొక్కటియు లేదు గాని, సింహగర్జనము, ఎలుక కీచురవము మున్నగు ధ్వనులు మాత్ర మక్షరములలో గనబడును. ఇంతమాత్రమున నది సాక్షర మయ్యెనందురా? అనుకరణశబ్దమునకు దాని ధ్వనియే యర్థము; వేఱు వాచ్యము లేదు. గర్జనము వ్రాసినను వినబడినదే గాని చెప్పబడిన దేమియు లేదు. కావున నిరక్షరత్వమునకు భంగము లేదనియే చెప్పవలయును.

ఇట్టి పుస్తకములను గూర్చి రెండు పక్షములు గలవు. ఇది నిరక్షరుల కాటవస్తువు, విద్యకు బనికిరాదని యొకరందురు. చిత్రము తానే మాటలాడును, దానికి భాష యక్కఱలేదు, అది సర్వదేశములవారికి సమానముగ దెలియునని వేఱొకరందురు. మొదటివారు చిత్రమును దక్కువచేయుచున్నారు, రెండవవారు మాటను దక్కువచేయుచున్నారు. వైయాకరణుల మతమున నీ రెండవ పక్షమునకు నిలుకడ లేదు. శబ్దము కలియని జ్ఞానమే లోకమున లేదని భర్తృహరి సిద్ధాంతము. మాటలు రాని శిశువునకు గూడ శబ్దభావన యంతరంగమున నున్నదనియు, దానివలననే వాడు ప్రవర్తించుననియు వాక్యపదీయము చెప్పుచున్నది. కావున బాలుడు మాటలేని చిత్రమును జూచునపుడు మాట లేకపోలేదు. అది పుటమీదినుండి తొలగి బాలునిలోనికి జేరినది. (గ్రాంథికవాదులును వ్యావహారికవాదులును గలహింప వీలులేని తెలుగుపుస్తకము లోకమున నున్నచో నది యిదియే యనుకొనవచ్చును. ఆ కలహ మిందును దప్పదని ముందు దెలియగలదు.)

మన దేశమున జిత్రకథ యెన్నడును మూగది కాదు. దాని నోరు చిత్రముమీద లేదు, ప్రక్కన నుండెను. బాణుడు హర్షచరితమున నంగడివీథిలో యమపటమును జూపువానిని వర్ణించెను. వానిని జుట్టి నిలిచినది కుతూహలముగల బాలుర గుంపు. వాడొక చేత బటమును బట్టి, ఇంకొక చేత బుల్లతో బరలోకవృత్తాంతమును జూపుచు జెప్పుచుండెను. తెలంగాణమందలి చేర్యాల పటములును నట్టివే. పటము చుట్ట విప్పువాడును బలుకువాడును లేనిచో నవి బట్టలు. అనంతపుర ప్రాంతమున ధర్మవరమున కనతిదూరముననున్న నిమ్మలకుంట తోలుబొమ్మలవారి సంగతియు నిట్టిదే. వారి యింటిమాట మరాఠీ. తెరవెనుక బలుకునది తెలుగు, అందును రంగనాథరామాయణపు ద్విపద. మేకతోలుమీద రంధ్రములు చెక్కి రంగులు వేసిన రాముడు వారి గొంతువలన రాముడగుచున్నాడు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020 లో బద్మశ్రీ బిరుదము వచ్చినది. ఇప్పుడా తోలుతో నా బొమ్మలనే దీపపు గుడ్డిలుగ జేసి దూరదేశములకు బంపుచున్నారు. దీప మున్నది, బొమ్మ యున్నది, గొంతు లేదు. నిరక్షర చిత్రకథకు సంబంధించిన చిక్కంతయు నా దీపపు గుడ్డియం దున్నది.

చూచువాడే చెప్పువాడైనచో నేమగునో భవభూతి యుత్తరరామచరిత ప్రథమాంకమున జూపినాడు. తమ కథనే వ్రాసిన చిత్రపటములను సీతారామలక్ష్మణులు చూచుచున్నారు. మిథిలయందలి వధువులను జూపుచు లక్ష్మణుడు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని బేర్కొనెను. ఊర్మిళను బేర్కొనలేదు. సీత నవ్వుచు వ్రేలితో జూపి యీమె యెవరని యడుగగా, లక్ష్మణుడు సిగ్గుపడి మాట మరల్చి పరశురాముని జూపినాడు. పిదప మంథర చిత్రము వచ్చినపుడు రాముడు బదులు పలుకక వేఱొక చిత్రమునకు జరిగెను. చిత్రకారుడు ఊర్మిళను వ్రాసెను, మంథరనును వ్రాసెను. చదువరులు వారిని దాటిపోయిరి. దాటుటలో లక్ష్మణుని లజ్జ, రాముని ధైర్యము రెండును దెలియుచున్నవి. చిత్రము క్రింద నామములు లిఖింపబడి యుండినచో నీ రసము పుట్టియుండునా? పేరు వ్రాసినపుడు సీత యడుగ బనిలేదు, లక్ష్మణుడు సిగ్గుపడ బనిలేదు. నిరక్షర చిత్రకథకు మనవారి లక్షణగ్రంథములలో జోటు లేకున్నను, లక్ష్యము మాత్రము భవభూతియం దున్నది.

ఇక లేపాక్షి. 2022 ఏప్రిలు వఱకు ననంతపురము జిల్లాలోనుండి పిమ్మట శ్రీసత్యసాయి జిల్లాలో జేరిన యీ యూరు హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గలదు. కూర్మశైలమను తిప్పమీది వీరభద్రాలయమును విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) అభివృద్ధి చేసిరి. గోడలమీద శాసనములు గలవు. అవి భూదానములను జెప్పును. మంటపముల పైకప్పున జిత్రములు గలవు. అవి కథలను జెప్పును. మాట క్రిందను, బొమ్మ పైనను నుండుటచేత నొకదానితో నొకటి కలియలేదు. కాళహస్తి కలంకారి బట్టలయందు బొమ్మల యంచుల వెంట దెలుగులిపి పరుగెత్తుచుండును. చూచువాడు సగము చదువరి. లేపాక్షి చిత్రకారుల కట్టి యూతకఱ్ఱ లేదు. నల్లని గీతతో నాకృతిని గట్టి, కావి, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులను నింపి, ప్రక్కచూపు ముఖములతో, గీతలు చాఱలు గల వస్త్రములతో, జనులను వరుసగ నిలిపి కథను నడపిరి. పార్వతీపరిణయము, కిరాతార్జునీయము, ద్రౌపదీస్వయంవరము, మనునీతిచోళుని కథ యీ పైకప్పున గలవు. వీనిలో మొదటి రెండును శ్రీనాథుని హరవిలాసమునందును గథలగుట గమనింపదగినది. అంతమాత్రమున చిత్రకారుడు శ్రీనాథుని జదివెనని చెప్పరాదు.

ఈ పైకప్పును వ్యాకరణదృష్టితో జూచిన, చిత్రమున కేమి చేతనగునో యేమి చేతకాదో స్పష్టమగును. మొదట శక్తి. కారకము లాఱింటిని జిత్రము చక్కగ జూపగలదు. విల్లు పట్టినవాడు కర్త, ఎదుట బడినది కర్మ, బాణము కరణము. కానుక చేతులనుండి చేతులకు బోవుచున్నచో సంప్రదానము, పొదనుండి మృగము వెడలుచున్నచో నపాదానము, కొండయు జెట్టును నధికరణము. విభక్తిప్రత్యయములు చేయు పనిని ముఖమెటు తిరిగెనో, చేయి యెటు చాచెనో, ఎవడు పెద్దగ నెవడు చిన్నగ వ్రాయబడెనో యనునవి చేయుచున్నవి. తచ్ఛబ్దము చేయు పనియు జిత్రమునకు దెలియును. అదే కిరీటము, అదే గడ్డము, అదే చీర యింకొకచోట గనబడిన 'వాడు', 'ఆమె' యని యర్థము. ఒక ఫలకమున నర్జునుడు తపస్సు చేయుచు, మఱియొకచోట విల్లెత్తుచు నున్నచో నర్జునులు పెక్కుమంది కలరని యెవడు తలచును? ఆన్నో పుస్తకమునందలి చిన్న బాటసారి పుట పుటను దిరిగి వచ్చుటయు నీ తచ్ఛబ్దమే. కథకు దారము వాడే.

ఇక నశక్తి. చిత్రమునకు లకారములు లేవు. భూతభవిష్యత్తులు లేవు, ఉన్నదంతయు వర్తమానమే. నఞ్ లేదు, కానిదానిని జేయనిదానిని జూపలేదు. హేతువు లేదు. ప్రతిజ్ఞ లేదు, సందేహము లేదు, "ఇతి" లేదు. కిరాతార్జునీయమునే చూడుడు. వరాహమును రెండు బాణములు తాకినవి. వివాద మంతయు "ఈ మృగము నాది, ఈ బాణము నాది" యను మాటలమీద నడచినది. భారవి పదుమూడవ సర్గము చివర గిరాతదూతచేత బలికించి, పదునాలుగవ సర్గము మొదట నర్జునునిచేత బదులు పలికించినాడు; పండితులు మెచ్చి పాఠము చెప్పు భాగ మదియే. చిత్రకారుడు రెండు విండ్లను, నొక పందిని, మల్లయుద్ధమును జూపగలడు. "ముందు కొట్టినది నేను" అనుటను జూపజాలడు. కావున భారవి చేతిలో వాక్యుద్ధమై పిదప బాహుయుద్ధమైనది చిత్రకారుని చేతిలో మొదటినుండియు బాహుయుద్ధమే. కథ చిన్నదయ్యెను. నష్టము లేదని చెప్పరాదు. నష్టమే యని తేల్చుటయు నుచితము గాదు. భారవి తెలిసినవానికి దూతవాక్య మచ్చట వినబడును. తెలియనివాడు దానిని దా నూహింపవలసియుండును.

తెలియనివాని స్థితి మనునీతిచోళుని కథయందు స్పష్టపడును. ఇది తమిళదేశపు గథ. రాజకుమారుని రథచక్రము క్రింద దూడ చచ్చినది. తల్లియావు రాజద్వారమునందలి గంటను మ్రోగించినది. రాజు తన కుమారుని రథము క్రిందనే పడవైచెను. తమిళము తెలియని యాంధ్రుడు పైకి జూచిన, బెజవాడ మాధవవర్మ కథ జ్ఞాపకమునకు వచ్చును. అందును రాజకుమారుని రథము, బాలుని మరణము, కన్నకొడుకునకే దండన గలవు. కాని యచ్చట జచ్చినది చింతచిగు రమ్ముకొను స్త్రీ కుమారుడు, ఇచ్చట దూడ. ఆంధ్రుడు తన కథను దెచ్చి చిత్రముమీద బెట్టి, దూడ దగ్గఱ నాగి, ఇది వేఱని తెలిసికొనును. ఈ యాగుటయే చదువు. చిత్రము సర్వదేశములకు సమానముగ దెలియునను రెండవ పక్షమువా రీ యాగుటను లెక్కింపరు. ఆవు గంట మ్రోగించుటను గూర్చి యొక్కమాట. మాట లేని జంతువు మాటకు బదులు ధ్వనిని బుట్టించి న్యాయ మడిగినది. మాటలేని చిత్రమున జిత్రింప నింతకంటె దగిన కథ యెవరికి దొరకును?

జాతివ్యక్తివాదమును నిచ్చట స్మరింపదగును. శబ్దమునకు జాతి యర్థమని వాజప్యాయనుడు, ద్రవ్య మర్థమని వ్యాడి పలికిరి. చిత్రము విషయమున సందేహమే లేదు. అది వ్యాడి పక్షమే. పందియను మాట పందుల కన్నిటికి జెల్లును. పైకప్పునందలి పంది యీ కోఱలు, ఈ రోమములు, ఈ పరుగు గల యొక్క పంది. బాలుడు దానిని జూచి "పంది" యన్నపుడు వ్యక్తినుండి జాతికి దాటుచున్నాడు. శంకుకుడు చిత్రతురగన్యాయమున జెప్పినట్లు, చిత్రమును జూచి "ఇది గుఱ్ఱము" అనుట సత్యజ్ఞానమును గాదు, భ్రమయును గాదు, సంశయమును గాదు, సాదృశ్యజ్ఞానమును గాదు. ఆ విలక్షణ జ్ఞానమునకు బాలుడు నోరిచ్చుచున్నాడు. నామకరణము వాని పని. ఆ పనిని వానిచేతినుండి లాగికొనువారు వాని చదువును లాగికొనుచున్నారు.

ఇపుడు పింక్నీ సింహమూషికములకు మరలవచ్చును. ప్రసిద్ధకథయందు సింహము చేతికి జిక్కిన యెలుక, నన్ను విడిచిన నెప్పుడైన నీకు మేలు చేయుదునని మాట యిచ్చును. సింహము నవ్వి విడుచును. మన పాఠశాలలలో జెప్పు కథ యిట్లే యుండును. చిన్నయసూరి 1853 లో ప్రకటించిన నీతిచంద్రిక మిత్రలాభమునందును హిరణ్యకుడను మూషికరాజు పావురముల బంధములను గొఱికి విడిపించుచు నీతులను విస్తారముగ బలుకును. నిరక్షర పుస్తకమున మాట యిచ్చుటకు స్థలము లేదు. భవిష్యదర్థక క్రియ చిత్రమునకు లేదని పైని జెప్పబడెను గదా! అందువలన నొక వింత కలిగినది. సింహము పంజా విప్పును; ఎలుక పోవును. మనుష్యులు పన్నిన త్రాళ్ల వలలో సింహము చిక్కి గర్జించును. ఎలుక విని వచ్చి కొఱుకును. నడుమ ఋణపత్రము లేదు. మాట యిచ్చినందుకు జేసినదో, గర్జనము వినలేక చేసినదో చిత్రము చెప్పదు. ప్రత్యుపకారనీతి యైన కథ యిపుడు వేఱొక నీతికథ యైనది. చివర నెలుక త్రాటిముడి యొకదానిని దన పిల్లల గూటికి గొనిపోవును. ఇది మాటల కథలలో లేదు. పిల్లల కాహారమా, ఆటవస్తువా, గుఱుతా? దానికి బాలుడే యుత్తరము చెప్పవలయును. ఈ పుస్తకమున నుత్తమభాగ మా ముడియే.

"తినలేదు" అనుటయు నట్టిదే. సింహ మెలుకను దినలేదని చూపుటకు జిత్రమునకు నఞ్ లేదు. విప్పిన పంజా మాత్రమే కలదు. విప్పిన పంజాను జూచి "తినకుండ వదిలిపెట్టింది" యని బాలుడు పలికిన, పుటమీద లేని నిషేధమును వాడు తానై చేర్చినాడు. చిత్రము దీనిని వానిచేత బలికించినది. పలికినది మాత్రము వాడే.

ఇందువలన బాఠశాల పండితులకు వచ్చు పని యేమి? ఇట్టి పుస్తకము తరగతికి వచ్చినపుడు ప్రతి చిత్రము క్రిందను జక్కని వాక్యమును వ్రాసి, దానిని బిల్లలచేత నెత్తివ్రాయించు ప్రమాదము గలదు. వ్రాయువాని యుద్దేశము మంచిదే. కాని యపుడది నిరక్షరగ్రంథము గాక బొమ్మలు గల సాధారణ వాచకమగును, అందును నీరసమైన వాచకమగును. అనంతపురము పీఠభూమి యేటికి నించుమించుగ 55 సెంటీమీటర్ల వాన మాత్రమే పడు తావు. వేరుసెనగయే ముఖ్యమైన పైరు. వాన వచ్చి యది పండినను, రాత్రులు కాపు కాయనిచో నడవిపందులు పెళ్లగించి పోవును. ఇట్టి యూళ్ల బాలుడు లేపాక్షి పైకప్పున వరాహమును జూచి "చెనిక్కాయల చేన్లో పంది పడింది" అన్నచో నేమందురు? అర్జునుని గథ చెప్పలేదని కొట్టిపాఱవేయుదురా? చెనిక్కాయలు తప్పు, వేరుసెనగ యొప్పు అని దిద్దుదురా? పైని విడిచిన గ్రాంథిక వ్యావహారిక కలహ మిచ్చట దలయెత్తినది. ఈ రెండును జేయగూడదు. పంది యేమి చేయునో, దాని వెంట విండ్లు పట్టి యేల పోవుదురో యా బాలునకు భారవికంటె స్పష్టముగ దెలియును. వరాహము భయంకరమనుటకు బండితుడు వ్యాఖ్యానము వెదకవలయును. బాలునకది నిద్ర లేని రాత్రి. వానికి దెలియనిది మూకాసురుడు. ఆ మాట వాని వాక్యము పిమ్మట రావలయును గాని ముందు రాగూడదు.

పలుకులను దిద్దుటకు వేఱు సమయమున్నది. చిత్రము చదువునపుడు పండితుడు ప్రశ్న లడిగిన జాలును, ఆ ప్రశ్నలను గారకక్రమమున నడిగిన మిక్కిలి లాభము. ఎవడు? దేనిని? దేనితో? ఎవనికి? దేనినుండి? ఎక్కడ? బాలుడు వ్రేలితో జూపుచు వీనికన్నిటికి నుత్తరము చెప్పగలడు. కారకప్రకరణమును సూత్రము వినకయే వాడభ్యసించిన ట్లగును. పిదప "ఎందుకు?" "ఏమి చేయలేదు?" "ఇంతకు ముందేమి జరిగెను?" అని యడుగవలయును. వీనికి బుటమీద నుత్తరము లేదు గావున నొక్కొక్కడొక్కొక్క విధముగ జెప్పును. ఒకని యుత్తరము మఱియొకనికి నచ్చకపోవుట, వాడు పుటను జూపి వాదించుట మంచి లక్షణములు. పండితుడు తన యుత్తరమును జివరకు దాచుకొనుట కొంత కష్టము. అది యలవాటు లేని పని.

పుస్తకమునకు బైకప్పునకు నొక భేద మున్నది, దానిని మఱువరాదు. పుస్తకమున గ్రమమును గుట్టినవాడు నిర్ణయించును. పుట త్రిప్పనిదే తరువాతి చిత్రము కనబడదు. పైకప్పున గ్రమమును జూచువాని యడుగులు నిర్ణయించును. వాడు తప్పు వైపునుండి వచ్చిన పాశుపతము ముందు దొరకును, తపస్సు పిదప జరుగును. శబ్దమునకు గ్రమము ప్రాణము. అందుచేత లేపాక్షి చూడబోవు బాలురను మొదట బటము మొద లెచ్చటనో వెదకుమనుట యొక చక్కని యాట యగును. కిరీటము లేనివాడు ముందా, పంది ముందా, యుద్ధము ముందా? కొన్నిచోట్ల సున్నము రాలి బొమ్మలు పోయినవి. అచ్చట నేమి యుండెనో యిరుప్రక్కల బొమ్మలనుబట్టి యూహింపవలయును. లుప్తవిభక్తిక పదమునకు నన్వయము చెప్పుటవంటి దిది.

హిందూపురమునుండియు నితర స్థలములనుండియు బడిపిల్లలను లేపాక్షికి విహారముగ గొనిపోవుదురు. వారు మంటపమున నడుగిడుటకు ముందే కథను జెప్పివైచు గైడు కలడు, కొన్నియెడల వెంటవచ్చిన యుపాధ్యాయుడే యా పని చేయును. విరూపణ్ణ కన్నుల కథ, వ్రేలాడు స్తంభపు గథ యయిన పిమ్మట గిరాతార్జునీయమును గూడ నొక్క గ్రుక్కలో జెప్పి, అదిగో పైని జూడుడందురు. పిల్లలు చెప్పినదానిని సరిచూచుకొని తల దింపుకొందురు. చెప్పుట నొక పావుగంట యాపి, వారిని వెల్లకిల బండుకొననిచ్చి, మెడ నొప్పి లేకుండ బైకప్పును జూడనీయవలయును. దానికి రాతినేల చల్లగ నుండు ఉదయపువేళ మంచిది.